పర్దా వెనక చాయ్

పట్నం ఎప్పుడు తలుచుకున్నా నాకు నిద్రలో చూసిన ఊరిలాగే కనిపిస్తుంది. వీధుల వరస గుర్తుండదు. ఒక మలుపు తిరిగితే ఎక్కడో దూరాన ఉండాల్సిన ఇంకో వీధి వచ్చి ఎదురుగా నిలబడుతుంది. తెల్లవారుజామున మూసీ మీద పొగమంచు, టాంగాల అడ్డాలో తడిసిన గడ్డి వాసన, రొట్టెల భట్టీ పక్కనుంచి నడిస్తే చెంపకు తగిలే వెచ్చదనం. వాటిలో నేను నిజంగా తిరిగినవెన్నో, కలలో తిరిగినవెన్నో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను. బాపు నన్ను ఊరికి తీసుకుపోవడానికి వచ్చిన రోజు మాత్రం కల కాదు. అది నాకు మాట మాటా గుర్తుంది.

మాది ఇబ్రహీంపట్నం, ఊరి చివర వాడ. మా తాత కాలంలోనే మిషను వాళ్లలో కలిశాం. ఆ పుణ్యాన నాకు నాలుగు అక్షరాలు వచ్చాయి. మిషను దొరసాని ఒకావిడ మాట సాయం చేస్తే, పద్దెనిమిదో ఏట పట్నంలో మిషను దవాఖానలో నర్సు పని నేర్చుకోవడానికి చేరాను. దేవుడు మారాడు గానీ బాపు పని మారలేదు. ఆయన సర్కారు కచేరీలో వెట్టివాడు. అధికారి ఏ ఊరికి బయల్దేరినా పరుపుచుట్ట నెత్తిన పెట్టుకుని బండి ముందు పరుగెత్తాలి. కూలి లేదు. అడిగితే మాత్రం ఏదో ఒకటి దొరికేది, వీపు మీద.

పట్నం వచ్చిన కొత్తలో నా సంగతి అడక్కండి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, సెలవు దొరికితే చాలు, కాలికి బలపం కట్టుకుని తిరిగేదాన్ని. దారులు తెలియవు. బోర్డులన్నీ ఉర్దూలో ఉండేవి, నాకు చదవడం రాదు. ఎవరినైనా అడగడానికి పొగరు. అందుకని ఒక ఉపాయం కనిపెట్టాను. రెండంతస్తుల బస్సు ఏది వస్తే అది ఎక్కి పైన ముందు సీట్లో కూచునేదాన్ని. కండక్టరు ఎక్కడికని అడిగితే “ఆఖరికి” అనేదాన్ని. ఆడవాళ్లు కింద కూచోవాలని అతను ఉర్దూలో గొణిగేవాడు. నాకా భాషే రానట్టు మొహం పెట్టేదాన్ని. ఆఖరి దాకా పోయి, దిగకుండా అదే బస్సులో తిరిగొచ్చేదాన్ని.

పైనుంచి చూస్తే మనుషులకు తలలే ఉండేవి. రూమీ టోపీలు, తలపాగాలు, ముసుగులు నీళ్లలో తేలిపోతున్నట్టు పోయేవి. చెట్ల కొమ్మలు కిటికీలోంచి లోపలికొచ్చి నా ఒళ్లో ఆకులు రాల్చేవి. మేడల మీద ఎవరో పావురాలకు గింజలు చల్లుతుంటే నా పక్కనే చల్లుతున్నట్టుండేది. చార్మినార్ దగ్గర జనం మధ్య బస్సు ఎంత మెల్లగా పోయేదంటే, బస్సు ఆగి ఊరే వెనక్కి జరుగుతోందేమో అనుకునేదాన్ని. రాత్రి హాస్టల్లో పడుకుంటే అదే బస్సు మా ఇబ్రహీంపట్నం చెరువు కట్ట మీద చప్పుడు లేకుండా పోయేది. మా వాడలో వాళ్లంతా పై అంతస్తులో కూచుని ఉండేవాళ్లు. ఎవరూ ఏమీ మాట్లాడేవాళ్లు కాదు, అందరి మొహాలూ హాయిగా ఉండేవి.

ఇక తిండి. హాస్టల్ పప్పులో పప్పు కోసం వెతుక్కోవాల్సి వచ్చేది. అయినా ఇరానీ హోటలు గుమ్మం ముందు నెల రోజులు అటూ ఇటూ నడిచానే గానీ లోపలికి పోలేదు. నాతో చదివే ఒక పిల్ల చివరికి చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. ఆడవాళ్ల కోసం ఒక పక్క చెక్క గదులు, ఒక్కోదానికి ఆకుపచ్చ పర్దా. చల్లటి రాతిబల్ల. గోడలకు నిలువెత్తు అద్దాలు. తెల్లటి పింగాణీ కప్పులో మీగడ తేలుతున్న చాయ్ తెచ్చి నా ముందు పెట్టాడు ఒకాయన. నీది ఏ ఊరు, నువ్వెవరి పిల్లవు అని ఎవరూ అడగలేదు. ఆ కప్పును రెండు చేతులతో పట్టుకుని చల్లారే దాకా కూచున్నాను. పట్నంలో కులం లేదని నేననను. అద్దె ఇంటి దగ్గర ఉండేది, బావి దగ్గర ఉండేది, మా హాస్టల్లో ప్రార్థన చేసి లేచిన ఆడపిల్లల మధ్య కూడా ఉండేది. ఆ రాతిబల్ల దగ్గర మాత్రం లేదు. ఆ తర్వాత నుంచి సెలవు రోజు బస్సు దిగి నేరుగా అక్కడికే పోయేదాన్ని.

అలా ఎనిమిది నెలలు గడిచాయి. ఆ వానాకాలంలో పుకార్లు మొదలయ్యాయి. పోలీసు చర్య అన్న పేరు తర్వాత వచ్చింది. అప్పటికి మాకు తెలిసిందల్లా నిజాం మీదికి ఇండియా పటాలాలు వస్తున్నాయని, పట్నం మీద బాంబులు పడతాయని. పల్లెల్లో అప్పటికే పగలు రజాకార్లు, రాత్రి కమ్యూనిస్టు సంఘంవాళ్లు. రోగులు మంచాల మీద పడుకునే ఆ మాటలు చెప్పుకునేవాళ్లు.

ఒకరోజు మధ్యాహ్నం గేటు కాడ ఎవరో వచ్చారని చెబితే పోయి చూశాను. బాపు. అర్ధరాత్రి దాటాక బయల్దేరి, బొంగులూరు మీదుగా ఆ దూరమంతా నడిచొచ్చాడు. భుజాన గొంగడి, చేతిలో కట్టె, మోకాళ్ల దాకా బురద.

“సామాను సదురుకో బిడ్డా. ఇంటికి పోదాం. పొద్దుమూకక ముందే బస్సున్నదట,” అన్నాడు.

“నేను రాను బాపు. వచ్చే యేడు పరీక్ష ఉన్నది.”

“పట్నం మీద బాంబులేస్తరట. మీ అవ్వ అన్నం ముట్టుతలేదు.”

“ఊర్లె ఏమన్న పూలు సల్లుతున్నరా?”

ఆయనకు కోపం రాలేదు. “ఊర్లెనైతె సచ్చినా నలుగురం ఒక్కకాడ సస్తం,” అన్నాడు. పెద్ద సిస్టరు కూడా తండ్రి మాట కాదనలేనంది. నా రేకుపెట్టె సర్ది గేటు కాడ కాపలాదారు దగ్గర పెట్టాను. ఇప్పుడు పోతే మళ్లీ రానివ్వరని నాకు తెలుసు. వాడలో నా ఈడు ఆడపిల్లలంతా నాట్లలో ఉన్నారు, నేనూ నడుం వంచాల్సిందే.

బస్సుకు ఇంకా పొద్దుంది. ఆఖరి ప్రయత్నంగా, “ఒక్కపారి పట్నం సూపెడత, రా. సూసినంక నీ ఇష్టం,” అన్నాను. పట్నం ఎంత బాగుందో చూస్తే ఆయన మనసు కరుగుతుందని నా వెర్రి నమ్మకం. ఆయన తలూపాడు.

రిక్షా మాట్లాడాను. నేనెక్కి పక్కకు జరిగాను. బాపు ఎక్కలేదు. ధోవతి పైకి చెక్కుకుని, “నువ్వు కూసో బిడ్డా, నేను ముందట ఉరుకుత,” అని నిజంగానే పరుగు మొదలెట్టాడు. జనాన్ని పక్కకు జరగమని కట్టె కూడా ఊపుతున్నాడు. రిక్షావాడు బిత్తరపోయి తొక్కడం మానేశాడు. నాకు ముందు నవ్వొచ్చింది. పడీ పడీ నవ్వి దిగి, ఆయన చెయ్యి పట్టుకుని తెచ్చి కూచోబెట్టాను. దారి పొడుగునా సీటు అంచు మీదే కూచుని, ఎప్పుడంటే అప్పుడు దిగడానికి సిద్ధంగా ఉన్నాడు. నేను గడియారం స్తంభం చూపిస్తే గడియారం స్తంభాన్ని, గాజుల దుకాణం చూపిస్తే గాజుల దుకాణాన్ని తలూపి చూశాడు. ఒకచోట మాత్రం, “గీ బాటల నేను మస్తుసార్లు వచ్చిన బిడ్డా. నెత్తిమీద మూటతోని తల పైకెత్తి సూడలే,” అన్నాడు.

హోటల్లో పర్దా వెనక కూచున్నాం. చాయ్, మీగడ రాసిన డబుల్ రొట్టె చెప్పాను. బాపు చాయ్‌ని సాసరులో పోసుకుని ఊదుకుంటూ తాగాడు, మీగడ రొట్టె ముక్కను వేళ్లతో ఒత్తి చూసి తిన్నాడు. నేను వాగుతూనే ఉన్నాను. పరీక్ష గురించి, తెల్ల బట్టల గురించి, సూది వెయ్యడం నేర్చుకున్నానని. ఆయన అంతా విన్నాడు.

“అయిందా? లే బిడ్డా, బస్సు పోతది,” అన్నాడు.

అంతే. ఆయన లేచి తన కప్పు, నా కప్పు రెండూ తీసుకుని పర్దా తొలగించుకుని బయటికి పోయాడు. ఎందుకో నాకు వెంటనే తట్టలేదు. పర్దా కొంచెం జరిపి చూశాను. మూలన చెయ్యి కడుక్కునే నల్లా కింద గొంతుక్కూచుని బాపు కప్పులు తోముతున్నాడు. నేల మీద చెయ్యి పెట్టి బూడిద కోసమో మట్టి కోసమో తడుముతున్నాడు. నున్నటి పలకల మీద ఏముంటుంది? బొటనవేలితోనే రుద్దాడు.

అప్పుడు తెలిసింది. మా ఊళ్లో కచేరీ ఎదుట చాయ్ హోటల్లో మా వాడ వాళ్లకు వేరే రేకు గ్లాసులుండేవి. బయట చూరులో చెక్కి ఉండేవి. ఎవరికి వారు తీసుకుని దూరంగా పట్టుకుంటే పైనుంచి పోసేవాళ్లు. తాగి, కడిగి, మళ్లీ చూరులో చెక్కి రావాలి. కడగకుండా వస్తే ఏమవుతుందో బాపుకు తెలుసు. అందుకే ఆయన ఇక్కడా కడిగాడు, నన్నెవరూ ఏమీ అనకూడదని నాది కూడా కడిగాడు.

కడిగి లేచి నిలబడ్డాడు. నీళ్లు కారుతున్న రెండు కప్పులు పట్టుకుని పైకి చూస్తూ చూరు వెతుక్కుంటున్నాడు. పైన పంకా తిరుగుతోంది.

హోటలంతా అటే చూసింది. గల్లా మీద కూచున్న యజమాని, “ఎవరి మనిషి ఈయన?” అని ఉర్దూలో గట్టిగా అడిగాడు.

నేను పర్దా వదిలేశాను.

ఆ ఆకుపచ్చ గుడ్డ వెనక ఊపిరి బిగబట్టి కూచున్నాను. పక్క గదిలో ఎవరో ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. మా బాపు అని ఒక్క మాట అంటే సరిపోయేది, కానీ నా నోరు పెగల్లేదు. ఆ కాసేపట్లో నా ఎనిమిది నెలల పట్నం ఎవరో నీళ్లు చల్లి లేపినట్టు చెదిరిపోయింది. నన్ను నేను ఎంత అసహ్యించుకున్నానో, ఆయన మీద అంత కోపం కూడా వచ్చింది. ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

చాయ్ ఇచ్చే మనిషి గొంతు వినిపించింది. “ఇటియ్యి బాబా. నువ్వు కడిగితె నా నౌకరి పోతది.” నవ్వుతూనే అన్నాడు. బాపును వెంటబెట్టుకొచ్చి పర్దా ఎత్తి, “మీవాళ్లేనా అమ్మా?” అన్నాడు. “అవ్,” అన్నాను. అది నాకే సరిగా వినపడలేదు.

బాపు కూచున్నాడు. తడి చేతులు గొంగడికి తుడుచుకున్నాడు.

“మనం ఎవ్వలమో ఈయనకు ఎరుకేనా?”

“ఎరుక లేదు బాపు. అడుగరు.”

“గిన్ని దినాల నుంచి నువ్వు గిట్లనే తాగుతున్నవా?”

“అవ్.”

రాతిబల్ల మీద అరచెయ్యి ఆనించి చూశాడు. తర్వాత, “ఇంకొకటి తెమ్మను,” అన్నాడు. రెండో చాయ్ సాసరులో పోసుకోలేదు. కప్పుతోనే, వేడివేడిగా, మెల్లగా తాగాడు. తాగి కప్పు బల్ల మీద పెట్టి రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. చాయ్ మనిషి వచ్చి నాలుగు బల్లల కప్పులు నాలుగు వేళ్లకు తగిలించుకుని పోతుంటే, బాపు మెడ సాచి పర్దా సందులోంచి చూశాడు. అందరి కప్పులూ ఒకే తొట్టిలో మునిగాయి. తనది ఏదో తెలియకుండా పోయేదాకా చూశాడు.

బయటికొచ్చాం. సన్నగా వాన. దవాఖాన గేటు మీదుగానే బస్సుకు దారి. గేటు వచ్చింది. బాపు ఆగలేదు. “బాపూ, నా పెట్టె,” అన్నాను. తల తిప్పలేదు. నాకు అర్థం కాక వెంట నడిచాను. చదువు మానిపించడమే గాక బట్టలు కూడా వదిలి రమ్మంటున్నాడనుకున్నాను.

ఇబ్రహీంపట్నం బస్సు నిండుతోంది. యాచారం పోయేవాళ్లు మూటలు పైకి విసురుతున్నారు. బాపు మెట్టు మీద ఒక కాలు పెట్టి నా వైపు తిరిగాడు.

“నేను చూరు కోసం సూసినప్పుడు నువ్వు పర్దా ఇడిసిపెట్టినవ్. నేను సూసిన,” అన్నాడు.

భూమి చీలి నన్ను మింగితే బాగుండనిపించింది. “తప్పయింది బాపు,” అన్నాను. ఏడుపు ఆగలేదు.

“తప్పు కాదు. నీకు సిగ్గయింది.” ఆయన గొంతులో కోపం లేదు. నా తల మీద చెయ్యి పెట్టాడు. “నాకు గా సిగ్గు ఎన్నడో సచ్చిపోయింది బిడ్డా. నీది ఇంక పానంతోని ఉన్నది. ఊరికొస్తె నీది గూడ సస్తది. నువ్వు రాకు.”