అప్పలమ్మ చేతులకు తాళం

మా వాళ్ల మీద చేసిన పరిశోధన మా ఊళ్లో ఎందుకు చదవలేం? పలాసలో కాలేజీ లైబ్రేరియన్‌గా చేరినప్పటి నుంచీ నన్ను తొలిచే ప్రశ్న ఇది.

జీడిపిక్కలు కొట్టే అప్పలమ్మ చేతులు ఆ పిక్కల నూనెకు కాలిపోయాయి. వాటిని ఫొటో తీసుకెళ్లిన పరిశోధకుల వ్యాసం జర్నల్లో వచ్చిందని సంబరపడి ఈ రోజు ఆమెను పిలిచాను. తీరా కంప్యూటర్లో లింకు నొక్కితే తాళం బొమ్మ కనిపించిందే తప్ప వ్యాసం తెరుచుకోలేదు. ప్రచురణకర్తతో ఒప్పందం ఉన్న యూనివర్సిటీలకే ఉచితమట. ఆ జాబితాలో మా కాలేజీ లేదు.

"నా సేతులకి తాళమేసీసినారేటమ్మా? మానే మందేదో రాసుంటారు, సూడు."

"రావట్లేదు అప్పలమ్మా."

"ఫొటోకి సెయ్యి సాపమన్నప్పుడు నాను పిడికిలి మూసీసినానా?"

అలాంటి ఒప్పందమున్న యూనివర్సిటీలో పనిచేసే స్నేహితురాలిని అడిగితే నిమిషంలో పంపుతుంది, నిబంధన ఒప్పుకోకపోయినా. అలా తెప్పించి చదివి వినిపిస్తే దొంగతనం చేసినట్టా, సొంతదారుకు సొత్తు తిరిగిచ్చినట్టా? మీరైతే ఏం చేస్తారో చెప్పండి. నేనింకా ఫోన్ చేయలేదు. తేల్చుకోలేకపోతున్నాను.