న్జిలాని పేర్చిన రాళ్లు

న్జిలాని ఏ కుర్చీలోనూ నిండుగా కూర్చునేది కాదు. ఎవరైనా పిలిస్తే వెంటనే లేచి పోవడానికన్నట్టు ఒక కాలు ముందుకు చాపి అంచున కూర్చునేది. మేకలతో, తేనెసారాతో మావాళ్లు వాళ్లింటికి నా పెళ్లిమాటలకు వెళ్లిన రోజు కూడా అంతే. మా పెద్దమ్మ ఆమెను ఎగాదిగా చూసి, "ఈ పిల్ల సంబంధానికి కూర్చుందా, బస్సు కోసం కూర్చుందా?" అంది.

"బస్సుకే అత్తా. మాస్టారు కూడా ఎక్కుతారేమో కనుక్కుందామని," అంది న్జిలాని.

నేను మా ఊరు కిబ్వేజి బడిలో పాఠాలు చెప్పేవాణ్ని. పెళ్లయ్యాక కూడా, చివరిదాకా నన్ను మాస్టారనే పిలిచింది.

వాళ్ల నాన్న వేటగాడు. విషం పూసిన బాణంతో ఏనుగుల్ని పడగొట్టేవాడు. చిన్నప్పుడు ఆయన వెనకాలే నడుస్తూ నేలను చూడడం నేర్చుకుంది. విరిగిన గడ్డిపరక, పక్కకు ఒరిగిన మట్టిపెళ్ల, ఏదీ ఆమె కన్ను దాటేది కాదు. తర్వాత నైరోబీలో పెద్ద చదువు చదివి, రాయిగా మారిన ఎముకల్ని వెతికే శాస్త్రవేత్త అయి, ఉత్తరాన తుర్కానా సరస్సు ఒడ్డుకు పోయినా ఆ చూపుతోనే బతికింది. గులకరాళ్ల మధ్య ఒక ముక్క రంగు కాస్త తేడాగా ఉంటే చాలు, చటుక్కున ఆగిపోయేది. ఆమె ఆగడం నేను చూసింది అప్పుడే.

బడి సెలవుల్లో నేనూ ఆ గుడారాలకు వెళ్లేవాణ్ని. తూర్పుగాలి ఆగదు. టీ తాగితే గ్లాసు అడుగున ఇసుక మిగులుతుంది. ఎముక కనబడగానే తవ్వరు. పక్కన కొన్ని రాళ్లు పేర్చి గుర్తు పెట్టుకుని, అన్నీ సిద్ధం చేసుకున్నాక వస్తారు.

ఒక ఏడు, ఎండిపోయిన వాగు ఒడ్డున, ఆమెకు ఒక పుర్రె కనబడింది. ఏనుగుల ముత్తాతల కాలం నాటి పిల్ల ఏనుగుది. ఏనుగు పుర్రె పైకి బండలా ఉంటుంది కానీ లోపలంతా తేనెపట్టులా గదులు గదులు. నేలలో నలిగి పొడైపోతుంది. అందులోనూ పిల్లది, అప్పుడే మొలిచిన పళ్లతో సహా నిండుగా దొరకడం చాలా అరుదు. న్జిలాని బోర్లా పడుకుని కుంచెతో మట్టి దులుపుతూ, "ఇది అమ్మ వెనకాల నడుస్తూ నీళ్లకొచ్చింది మాస్టారూ. తిరిగి పోలేదు," అంది.

ఆ వారంలోనే రేడియోలో కబురొచ్చింది. మా వైపు నీటిగుంటల దగ్గర ఏనుగుల్ని తుపాకులతో కాల్చి దంతాలు కోసుకుపోతున్నారు. వన్యప్రాణుల శాఖవాళ్లు న్జిలానిని రమ్మన్నారు. ఆ ఊళ్ల మనిషి, ఆ వేటగాళ్ల ఇంటి బిడ్డ చెబితే వింటారని. పుర్రె విరగకుండా పైకెత్తాలంటే పైన పూత పోయాలి, దానికి సున్నపుపొడి నైరోబీ నుంచి ఇంకా రాలేదు. ఇసుక కప్పి, పైన అలవాటుగా చిన్న రాళ్లగుట్ట పేర్చింది.

"వానలు పోగానే వస్తా," అని పుర్రెకే చెప్పింది.

కిబ్వేజిలో ఆమె బాబాయి కిథేకా అందరి ముందూ నిలదీశాడు. "నీ బడిఫీజులు ఎక్కడివనుకున్నావే? దంతాల్లోంచి వచ్చినయ్!"

"తెలుసు బాబాయ్. ఆ ఏనుగులకు బాకీ ఉన్నదాన్ని నేనే. అందుకే నేనొచ్చా."

"మా మొక్కజొన్న తొక్కినప్పుడు ఆ ఏనుగులు బాకీ తీరుస్తాయా మరి?"

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. పొలాల గట్ల వెంట, మావాళ్లు తరాలుగా చెట్లకు కట్టుకునే బోలుదుంగల తేనెపెట్టెలు వేలాడదీయించింది. ఏనుగు తుపాకీకి ఎదురొస్తుంది గానీ తేనెటీగ రొద వింటే వెనక్కి తిరుగుతుంది. జాడలు పట్టడంలో కిథేకాను మించినవాడు లేడు. ఆయన్నే కాపలాకు పెట్టింది. "ముసలితనంలో పోలీసునయ్యాను, ఖర్మ," అని ఊరంతా చెప్పుకుని తిరిగేవాడు.

వానలు పోయాయి, మళ్లీ వచ్చాయి. ఒక మంద నిలదొక్కుకుంటే ఇంకో చోట తుపాకీ పేలేది. న్జిలాని కదల్లేకపోయింది, అలాగని ఉండనూలేకపోయింది. ఒళ్లు ఏనుగుల దగ్గర, ధ్యాస పుర్రె దగ్గర. ఉత్తరాన మబ్బు పట్టిందని రేడియో చెబితే తినే తిండి వదిలి వాకిట్లోకి పోయి నిలబడేది. "వాగు పొంగితే ఒడ్డు కోసుకుపోతుంది మాస్టారూ."

"పొంగలేదేమో."

"మీరు చూశారా?"

ఏళ్లు అలాగే జరిగాయి. ఆమెకు జబ్బు చేసింది. డాక్టరు మాట పూర్తికాకముందే లేచి బయటికొచ్చి, "బండికి టైర్లు బాగున్నాయా?" అని అడిగింది. సున్నపుపొడి బస్తాలు వేసుకుని బయల్దేరాం.

వాగు దగ్గర ఆమెకు దారి తప్పినట్టయింది. ఒడ్డు చాలాచోట్ల విరిగిపడి ఉంది. చిన్న గుట్ట ఎక్కడా లేదు. ఒక చోట మాత్రం మనిషెత్తు రాళ్లకుప్ప, సందుల్లో మొక్కుగా పెట్టిన పొగాకు తుంపులు. మేకల్ని తోలుకొస్తున్న తుర్కానా తెగ ముసలమ్మ ఒక రాయి ఏరి దాని మీద వేసింది. ఆమె పేరు అకువామ్.

"ఎవరి సమాధమ్మా ఇది?" అని అడిగింది న్జిలాని.

"ఎముకల కోసం తిరిగే పిల్ల ఒకతె ఉండేదిలే. కాలు నిలిచేది కాదు. ఇక్కడ రాళ్లు పేర్చి పోయింది, మళ్లీ కనబడలా. చచ్చిపోయుంటుంది పాపం."

"చచ్చిపోయిందని ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? బతికుంటే రాదా? అందుకే వచ్చేపోయేవాళ్లం తలా ఒక రాయి వేస్తున్నాం. మంచిది. రాయి వేసి మొక్కితే తప్పిపోయిన మేకలు కూడా దొరుకుతున్నాయి."

"ఆ చచ్చినదాన్ని నేనే."

అకువామ్ ఆమె చెయ్యి పట్టుకుని గిల్లి చూసింది. తర్వాత దీవెనగా నుదుటి మీద ఉఫ్‌మని తుంపర ఊసి, "అయితే ఇన్నాళ్లూ ఎక్కడ చచ్చావే!" అని తిట్టింది.

పుర్రె సంగతి చెబితే ముసలమ్మ తల అడ్డంగా ఊపింది. పెట్టిన రాయిని పరాయివాళ్లు తీస్తే మందకు కీడు. "వేసినోళ్లే తియ్యాలి. కబురు పంపుతా. గడ్డి ఉన్న చోట ఉన్నారు, వస్తారు."

"ఎప్పుడొస్తారు?"

"వచ్చినప్పుడు."

న్జిలానికి మిగిలింది కొద్ది కాలమని మా ఇద్దరికీ తెలుసు. ఆమె కుప్ప చుట్టూ తిరిగింది, దుమ్ము లేచిన దిక్కుకల్లా చూసింది, నన్ను విసుక్కుంది, మేకపాల టీ వద్దంది, మళ్లీ అడిగింది. నడవలేనప్పుడు కుప్పకు ఆనుకుని, అంచు లేదు కాబట్టి నిండుగానే కూర్చుంది.

మందలు వచ్చాయి. మనుషులు వరసగా నిలబడి తలా ఒక రాయి తీశారు. చచ్చినోళ్ల తాలూకు రాళ్లు వాళ్ల బిడ్డలు తీశారు. "నీ కోసం ఏడ్చిన ఏడుపు తిరిగివ్వవే!" అని ఒకడు నవ్వించాడు. తీసిన రాళ్లు ఏం చేయాలని అడిగితే న్జిలాని, "పక్కనే పోయండి. ఎలాగూ పనిపడుతుంది," అంది. ఆ మాటకు ఎవరూ నవ్వలేదు.

కింద పుర్రె ఉంది. బరువుకు నుదురు భాగం ముక్కలైంది. దవడ, ఆ చిన్న పళ్లు చెక్కు చెదరలేదు. చుట్టూ ఒడ్డంతా వాగులో పోయినా రాళ్లు పడ్డ చోటు మాత్రం నిలిచింది. న్జిలాని ముక్కల మీద చెయ్యి వేసి, "అతికించుకోవచ్చు," అంది. సున్నపుపూత తనే పోసింది. పూత ఆరేదాకా చెయ్యి తీయలేదు.

ముక్కలు అతికించే పని నైరోబీలో ఇంకా సాగుతూ ఉండగానే న్జిలాని పోయింది. కిబ్వేజిలో తేనెపెట్టెల కింద పూడ్చాం. కిథేకా రోజంతా అక్కడే కూర్చున్నాడు.

నాకు ఇంట్లో కాలు నిలవలేదు. ఆ జబ్బు నాకు అంటించి పోయినట్టుంది. బండి తీసుకుని ఉత్తరానికి వెళ్లి అకువామ్‌కు చెప్పాను.

"ఈసారి నిజమేనా మాస్టారూ?"

"నిజమే. నా చేతుల్తోనే మట్టి వేశాను."

ఆమె పక్కకు పోసి ఉంచిన రాళ్లలోంచి ఒకటి ఏరి, దుమ్ము తుడిచి, పాత చోటుకు నడిచింది. వంగి, మళ్లీ లేచింది. రాయి చేతిలోనే ఉంది.

"రేపు వేస్తాలే," అంది మేకల వైపు తిరిగి. "దాని సంగతి తెలీదా మనకి? ఒక రోజు చూద్దాం."