దయానంద్ కోటుకు రఫూ

చిత్తూరు చర్చి వీధిలో నా జెరాక్సు షాపు పక్కనే నాయబ్ రసూల్ రఫూ కొట్టు. పట్టుచీర మేకుకు పట్టుకుని చిరిగినా, ప్యాంటును ఎలుక కొరికినా, అదే గుడ్డలోంచి పోగులు లాగి ఒక్కొక్కటే అల్లి, చిరుగు ఎక్కడుండేదో ఆ గుడ్డ కట్టుకునేవాళ్లకే తెలియకుండా చేస్తాడు. మహా నెమ్మదస్తుడు. వయసులో ఉన్నప్పుడు డ్రమ్స్ ముందు కూర్చుంటే మాత్రం ఆ నెమ్మది ఏమైపోయేదో! వాళ్ల బ్యాండు రిహార్సల్స్ మా మిద్దె మీదే. నా చెవులకు చిల్లులు పడింది అప్పుడే.

క్యాసెట్ల కాలంలో దయానంద్ అనే కుర్రాడు గిటారు పట్టి, మా ఊరి మామిడి పేరు మీద 'తోతాపురి రాకర్స్' అని బ్యాండు పెట్టాడు. రసూల్‌ను డ్రమ్స్ ముందు కూర్చోబెట్టింది అతనే. మామిడికాయల మండీల్లో, కాలేజీల్లో వాయించి ఊరిని అదరగొట్టారు.

పోయిన ఏడాది దయానంద్ గుండెపోటుతో పోయాడు. రసూల్ చాలా రోజులు కొట్టు తియ్యలేదు. తీశాక ఒక గోడ మొత్తం స్నేహితుడికి ఇచ్చేశాడు. నల్లకళ్లద్దాలు పెట్టుకున్న మామిడికాయ బొమ్మ గీసిన పాత డ్రమ్ము తోలు, వెలిసిపోయిన పోస్టర్లు, క్యాసెట్లు, మధ్యలో దయానంద్ స్టేజీ మీద వేసుకున్న ఎర్ర కోటు. వర్ధంతి దాకా ఉంచుకోమని అతని భార్య కోమలి ఇచ్చిన కోటు అది. ఆ తర్వాత కూడా అక్కడే ఉండాలని రసూల్ ఆశ. అడగడానికి నోరు రాదు, అదీ అతని అవస్థ.

వర్ధంతి రోజు కోమలి వచ్చింది. పోస్టర్లు చూసి నవ్వింది. కోటు ఎడమ చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"అన్నా, చిరుగు యాడ?"

రసూల్ పొంగిపోయాడు. "కనపడలే గదా చెల్లెమ్మా! చిరిగిన కోటు గోడకు తగిలిస్తే మావాడికి మర్యాదేనా? రఫూ చేసేసినాను."

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "మండీలో ఆయన గిటారు వాయిస్తా లారీ మీద నుంచి దూకితే మేకు పట్టుకొని చిరిగింది గదన్నా. ముందర నిలబడుండిన నేను పిన్నీసు తీసిచ్చినా. మా ఇద్దరికీ మాట కలిసింది ఆడే. దాన్ని కుడతానంటే నన్ను గూడా ముట్టనీలేదు ఆయన."

రసూల్ మొహం నేను చూడలేకపోయాను. నాకు ఒళ్లు మండింది కూడా. ఇంత పనితనం ఎందుకయ్యా నీకు!

అతను కోటు దించి ఒళ్లో పరుచుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, సూదిమొనతో తన పని తానే విప్పడం మొదలుపెట్టాడు. ముందు అదెక్కడుందో కనుక్కోవడానికే అతనికి చాలాసేపు పట్టింది. ఒక్కో పోగూ ఊడి వచ్చింది. చిరుగు బయటపడ్డాక, గుండీల డబ్బా వెతికి తుప్పు పట్టిన పిన్నీసు తీశాడు.

"పారెయ్యలేదమ్మా," అన్నాడు.

కోమలి ఆ పిన్నీసు మళ్లీ చిరుగుకు పెట్టింది. కోటు మడిచి సంచిలో పెట్టుకుంటుందనే అనుకున్నాం ఇద్దరం. ఆమె లేచి వెళ్లి గోడకే తగిలించింది.

"ఈడే ఉండనీ అన్నా. ఇంట్లో అయితే నాకొక్కదానికే కనపడతాది. మళ్లా సూది పెట్టినావంటే మాత్రం ఎత్తుకొని పోతా," అంది. రసూల్ చిన్నపిల్లాడిలా తల ఊపాడు. నాకూ సంతోషమేసింది, పైకి చెప్పలేదు గానీ.

ఇప్పుడు కొట్టుకు వచ్చే ప్రతివాడి చూపూ ఆ కోటు చేతి మీదే. మొన్న ఒకాయన అడగనే అడిగాడు. "ఏమబ్బా, రఫూ కొట్టులో చిరిగిన కోటు తగిలించుకోనుండావే! దాన్ని కుట్టేదానికి తీరిక లేదా?"

రసూల్ సూది మీద నుంచి తలెత్తలేదు.

"ఒకసారి కుట్టి చూసినానప్పా. బాగలేదు."