నేపాల్ బడిలో నేను నింపించిన కప్పులు

పరాయి దేశంలో ఒక పెద్దమనిషి పరువు, నోరు రెండూ నా వల్ల పోబోయాయి. చెబుతాను గానీ, చేతిలో టీ ఉంటే ముందు తాగేసి రండి.

అప్పటికి నాకు యాభై దాటాయి. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుని, బైబిలు కూడబలుక్కుని చదవడం అప్పుడే మొదలెట్టాను. కొత్తగా చదువొచ్చినదాన్ని కదా, నాకు తెలియని సంగతి లోకంలో లేదనుకునేదాన్ని. పలాసలో మా చర్చివాళ్ళు నేపాల్ కొండల్లో ఒక బడికి పళ్ళ డాక్టరమ్మను పంపుతుంటే, సాయానికి నేనూ వస్తానని పట్టుబట్టాను. డాక్టరమ్మ మా సంఘం పిల్లే. దారి పొడుగునా ఒకటే పాట: "అత్తా, నీ సేతులు ఊరుకోవు. నేను సెప్పీదాకా ఏటీ సెయ్యకు." ఆ బడి హెడ్మాస్టరు మెచ్చితేనే చుట్టుపక్కల బళ్ళు మమ్మల్ని గుమ్మం తొక్కనిస్తాయట.

తీరా వెళ్ళాక అందరూ జీపులోంచి పళ్ళు చూసే కుర్చీ దింపే పనిలో పడ్డారు. నన్ను వరండాలో కాగితం కప్పుల పెట్టె దగ్గర కూర్చోబెట్టారు. ఊరికే కూర్చోవడమంటే నాకు వేడి పెనం మీద కూర్చున్నట్టే. ఎదురుగా పిల్లలు వరసలో నిలబడి నన్నే చూస్తున్నారు.

మాది ఉద్దానం. కిడ్నీ జబ్బుల సీమ. మా ఊరికి ఏ డాక్టర్లొచ్చినా ముందు చేతికో డబ్బా ఇస్తారు, మేం చాటుకెళ్ళి నింపుకొస్తాం. పళ్ళయినా కళ్ళయినా అది ఇవ్వందే డాక్టరు మనిషిని ముట్టడని నా గట్టి నమ్మకం. ఇంకేం, తలా ఒక కప్పు ఇచ్చి చిటికెన వేలు చూపించాను. ఆ వేలి భాష ఏ దేశంలోనైనా ఒకటే. కాసేపట్లో బల్ల మీద పెళ్ళి పందిట్లో పానకంలా కప్పులు బారులు తీరాయి.

అప్పుడొచ్చాడు హెడ్మాస్టరు. మందు నీళ్ళతో పిల్లల చేత నోరు పుక్కిలింపిస్తామని డాక్టరమ్మ ఆయనకు ముందే చెప్పి ఉంచింది. పిల్లల భయం పోగొట్టడానికి తానే ముందు పుక్కిలించి చూపిద్దామని ఒక కప్పు ఎత్తాడు. నేను వద్దు బాబూ వద్దు అంటుంటే, మర్యాద చేస్తున్నాననుకుని నవ్వుతూ తల వంచి, కప్పు పెదాల దాకా తెచ్చాడు. జీడితోటలో కోతిని అదిలించినట్టు ఎగిరి ఆయన చేతి మీద ఒక్కటి వేశాను. కప్పు కాస్తా చొక్కా మీద బోర్లా పడింది.

డాక్టరమ్మ పరుగున వచ్చింది. "అత్తా, ఏటిది?"

"ఉచ్చమ్మా."

"ఎవులిది?"

"బడి మొత్తానిది."

ఆ పిల్ల గోడ పట్టుకుని నిలబడి, హిందీలో ఆయనకు ఎలాగో చెప్పింది. ఆయన తన చొక్కా చూసుకున్నాడు. పిల్లలకేసి చూశాడు. బడి బడంతా చిటికెన వేళ్ళెత్తి నన్ను చూపించింది. దింపిన కుర్చీ మళ్ళీ జీపెక్కడం ఖాయమని నేను కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలెట్టాను. వినబడింది తిట్టు కాదు, నవ్వు. ఆయన బల్ల మీద కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. డాక్టరమ్మ తెలివైనది, నిలబడే ఆయన పళ్ళు లెక్కపెట్టేసింది.

కప్పులన్నీ నా పాలబడ్డాయి గనక పిల్లలు ఇళ్ళ నుంచి గ్లాసులు తెచ్చుకున్నారు. మిగతా బళ్ళకూ హెడ్మాస్టరే కబురు పంపాడు, వాళ్ళూ రమ్మన్నారు. ఏం కబురు పంపాడో గానీ, ఏ బడిలో అడుగుపెట్టినా నన్ను చూడగానే అయ్యవార్లందరూ టీ గ్లాసులు అరచేత్తో మూసేసేవారు.

అందుచేత పాఠకుల సాక్షిగా, శుభ్రంగా నోరు కడుక్కుని ప్రమాణం చేస్తున్నాను: ఇక ఏ దేశంలోనూ, ఎవరికీ, అడగకుండా కప్పు అందించను.