దుప్పటి మీద ఊరు

అల్ ఖౌద్‌లో కూరగాయలు కొంటుండగా నేను పనిచేసే ఇంటి సారు ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది," అన్నాడు. "వస్తున్నా సార్," అన్నాను. ఏరిపెట్టుకున్న టమాటాలన్నీ మళ్ళీ గంపలో పోసేశాను, ఎందుకు పోశానో నాకే తెలియదు. పొద్దున నేను బయల్దేరేటప్పుడు ఆమె మేలుకునే ఉంది.

ఆమె ఫ్రాన్సులో ఒక చిన్న ఊరి మనిషి. తుంటి ఎముక విరిగి ఒంటరిగా ఉండలేకపోతే, కొడుకైన మా సారు ఈ అరబ్బు దేశానికి, సీబ్‌లో తన ఇంటికి తెచ్చుకున్నాడు. ఆమెను చూసుకోవడమే నా డ్యూటీ. మొదటి వారంలోనే నోరుజారి "అవ్వా" అన్నాను. అంటే ఏమిటని అడిగింది. మా కడపలో నానమ్మని అట్లా పిలుస్తామని చెప్పాను. "బాగుంది, అట్లాగే పిలువు," అంది. ఇంగ్లీషు ఇద్దరికీ వచ్చీరానిదే కాబట్టి ఒకరి తప్పులు ఒకరికి తెలిసేవి కావు.

మధ్యాహ్నం టీ తాగాక మోకాళ్ళ మీది దుప్పటి సర్దుకుని, "రా, ఇవాళ సంతవైపు పోదాం," అనేది. దుప్పటిలో పొడుగాటి మడత వాళ్ళ ఊరి ఏరు. దాని మీద అడ్డంగా వేలు పెడితే వంతెన. మోకాలి దగ్గర చర్చి. చర్చి వెనక లావుపాటి కర్ర స్తంభాల మీద నిలిచిన పాత సంతపాక. కూడలిలో ఒక రాతి స్తంభం, దాని మీద యుద్ధాల్లో చచ్చిపోయిన ఊరి కుర్రాళ్ళ పేర్లు. ఆ ఊరి పేరు మాత్రం నాకెప్పుడూ సరిగా పలకడం రాలేదు. అందుకే మీకు కూడా తప్పుగా రాసి ఇవ్వను.

ఏటి ఒడ్డున ఆడవాళ్ళు బట్టలుతికే రేవుండేదట, దానికి పెంకుల కప్పు. "మీ రేవుకి కప్పు లేదా? వానొస్తే ఎట్లా?" అని జాలిపడింది.

"వానొస్తే పండగే అవ్వా. మాది కడప," అన్నాను. నవ్వు ఆపుకోలేక టీ ఒలకబోసుకుంది.

అన్నిటికంటే ఎక్కువగా వంతెన గురించి చెప్పేది. ఆమె పెళ్ళికాని పిల్లగా ఉన్నప్పుడు, యుద్ధంలో ఓడి వెనక్కిపోతున్న జర్మనీ సైనికులు దాని నడిమి కమానును పేల్చేశారు. కొన్నేళ్ళు జనం పడవలో దాటారు. తర్వాత దాన్ని కట్టడానికొచ్చిన రాతిపని మేస్త్రీల్లో ఒకణ్ణి ఆమె చేసుకుంది. "అది కూలకపోతే నీ సారు పుట్టేవాడే కాదు. కూలినందుకు సంతోషపడలేను, ఏడవనూ లేను," అనేది. కొత్త కమాను రాయి ఇంకా తెల్లగానే తెలుస్తుందని చెప్పేది.

ఇక్కడ గోనూ తుఫాను వచ్చిపోయిన మరుసటి ఎండాకాలం, సారు కుటుంబమంతా ఆ ఊరికి బయల్దేరింది. అవ్వ ప్రయాణం చేసే స్థితిలో లేదు. ఆమె దగ్గర నర్సును పెట్టి, పిల్లల్ని చూసుకోవడానికి నన్ను తీసుకెళ్ళారు. అక్కడికి పోయాక గానీ తెలియలేదు, అవ్వ ఇల్లు అమ్మేశారని. మేం వెళ్ళింది దాన్ని ఖాళీ చేయడానికి.

"అమ్మకి ఇప్పుడే చెప్పొద్దు. సమయం చూసి నేను చెప్తా," అన్నాడు సారు. ఆమె కప్పులు, దుప్పట్లు, పెళ్ళి గౌను నా చేతులతోనే పెట్టెల్లో సర్దాను.

ఒక మధ్యాహ్నం పిల్లలు నిద్రపోతే బయటికి నడిచాను. ఎవరినీ దారి అడగలేదు. సంతపాక, చర్చి, రేవు అన్నీ దుప్పటి మీద అవ్వ వేలు పెట్టినచోటే ఉన్నాయి. వంతెన మధ్యలో, తెల్లరాయి దగ్గర నిలబడ్డాను. కింద నీళ్ళు మెల్లగా పోతున్నాయి. నన్ను పిలిచేవాళ్ళు లేరు. పెళ్ళయినప్పట్నుంచీ నేనంత హాయిగా ఉన్న పూట లేదు.

తిరిగొచ్చిన రోజే అవ్వ అడిగింది. "మా ఇల్లు ఎట్లుంది?"

కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగాను. ఆమె కళ్ళు నా మీదే ఉన్నాయి. "అమ్మేశారవ్వా," అన్నాను.

"ఎవరికి?" అంది.

"పిల్లలున్నవాళ్ళకి."

"మంచిది. ఆ మెట్లు పిల్లలు తొక్కితేనే బాగుంటాయి." తర్వాత, "వంతెన మీద ఆగావా?" అంది.

"ఆగానవ్వా."

"నా కోసమా?"

"నీ కోసమే," అన్నాను.

అది అబద్ధం. అక్కడున్నంతసేపూ ఆమె నాకు గుర్తే రాలేదు.

సారు నన్ను కోప్పడలేదు. "నేనైతే ఎప్పటికీ చెప్పలేకపోయేవాణ్ణేమో," అన్నాడు. కానీ ఆ రోజు నుంచి అవ్వ దుప్పటి మీద వేలు పెట్టలేదు. తిండి తగ్గింది. వారం ఓపికపట్టి, ఒక మధ్యాహ్నం నేనే అన్నాను, "రేవు వైపు పోదామా అవ్వా?" ఆమె కళ్ళు మూసుకుంది. నేను చెప్పుకుంటూ పోయాను. ఒకచోట మాత్రం, "కాదు, ఎడమకి," అంది. అట్లా రెండు నెలలు ఆమె ఊరిని ఆమెకే తిప్పి చూపించాను. ఆ మాట దాచి ఉంటే ఇంకొన్నాళ్ళు ఉండేదా? డాక్టరు వయసు వల్లే అన్నాడు. సారు భార్య, మా మేడం కూడా అదే అంది. నాకు మాత్రం నమ్మకం కుదరడం లేదు.

ఆమెను ఆ ఊళ్ళో భర్త సమాధి పక్కన పెట్టడానికి విమానంలో పంపారు. సారు వెంట వెళ్ళాడు. సాయంత్రం పిల్లల బట్టలు తీయడానికి మిద్దె మీదికెళ్ళాను. ఎయిర్‌పోర్టు వైపు నుంచి ఒక విమానం లేచి సముద్రం మీదికి తిరిగింది. అదేనేమో అనుకుని చెయ్యెత్తాను. కాసేపటికి ఇంకొకటి లేచింది. దానికీ ఎత్తాను. తీగ మీద చిన్నదాని గౌను ఒక్కటే మిగిలింది. దాన్ని తీయకుండా అట్లాగే నిలబడ్డాను, మూడోది వస్తుందేమోనని.