వంతెన దగ్గర సున్నపు బొట్టు

మా నాన్నగారి తద్దినం రోజున పిండాన్ని కాకి ముట్టకపోతే, ఆయన అలిగారని మా అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ఎండ ఎక్కువగా ఉంది, కాకులు నీడ పట్టున ఉన్నాయి, కాసేపాగితే వస్తాయి అని నేను చెప్పేవాణ్ణి. కాసేపాగితే వచ్చేవి కూడా. నేను అలాంటి మనిషిని. దెయ్యాలనీ ఆత్మలనీ ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్ళిపోయేవాణ్ణి. కింద రాసింది చదివి, ముసలితనంలో మారాడని ఎవరూ అనుకోకూడదని ఈ మాట ముందే చెబుతున్నాను. నేను మారలేదు.

నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా తెనాలిలో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచి డైరీ రాస్తున్నాను. అందులో మనసులోని సంగతులేమీ ఉండవు. లేచిన వేళ, వాన ఎంతసేపు పడింది, కాలువకు నీళ్ళు ఎప్పుడు వదిలారు, ఇంటికి ఎవరు వచ్చారు, అంతే. ఇది ఆ డైరీలు ముందు పెట్టుకుని రాస్తున్నదే.

నా భార్య సుగుణది బాపట్ల. తెనాలిలో ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్ టీచరు. మాకు పిల్లలు లేరు. ఆదివారాలు ఖాళీగా ఉండేవి. 1984లో ఒక ఆదివారం ఇద్దరం సైకిళ్ళ మీద కాలువ కట్ట వెంబడి సంగం జాగర్లమూడి దాకా వెళ్ళొచ్చాం. తిరిగి వస్తుంటే ఆవిడ నన్ను దాటి వెళ్ళిపోయి, ఇంటి గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, “డ్రాఫ్ట్స్‌మన్ గారూ, కాస్త ఆలస్యమైనట్టుందే” అంది. మా పందేలకు అదే మొదలు.

తర్వాత మిత్రులు కలిశారు. బాపట్ల నుంచి ప్రసాద్ అనే లెక్చరరు, ఆయన భార్య లలిత. రేపల్లె నుంచి రైల్వేలో బుకింగ్ క్లర్కు సాంబశివరావు. తెనాలిలోనే ఉండే ఇద్దరు మిత్రులు. లలిత సుగుణకు దూరపు చుట్టం, వరసకు చెల్లెలు. అందుకని ప్రసాద్ నన్ను అన్నయ్య గారూ అనేవాడు, సుగుణను వదినా అనేవాడు. ఒక నెల బాపట్లలో కలిసి సూర్యలంక ఇసుకలో తొక్కేవాళ్ళం, ఒక నెల రేపల్లెలో కృష్ణ కరకట్ట మీద, ఒక నెల తెనాలిలో. పందెం ముఖ్యమని మేం అనుకునేవాళ్ళం గానీ, డైరీ చూస్తే పందెం ఒక వాక్యం, తర్వాత తిన్న పెసరట్లు, ఆడిన పేకాట, లలిత చెప్పిన కబుర్లు నాలుగు వాక్యాలు.

1991లో ప్రసాద్ మద్రాసు నుంచి లావు టైర్లూ గేర్లూ ఉన్న కొత్తరకం సైకిళ్ళు తెప్పించాడు. కొండలెక్కడానికి చేసినవట. మా పక్కింటాయన అరుగు మీంచి చూసి, “కొండే లేని ఊళ్ళో కొండ సైకిలేంటి మాస్టారూ?” అన్నాడు. నేను డ్రాఫ్ట్స్‌మన్‌నే అయినా ఆయనకు మాస్టార్నే. “కాలువ కట్ట ఉందిగా బాబాయ్ గారూ, మా కొండ అదే” అంది సుగుణ. నిజంగానే వానలకు కోసుకుపోయిన కట్ట ఎక్కి దిగడం తేలికేమీ కాదు. ముళ్ళకూ ఎండకూ తట్టుకోవడానికి పొలం కూలీలు తొడుక్కున్నట్టు, చీర మీద నా పాత గళ్ళచొక్కా ఒకటి తొడుక్కుని, కాళ్ళకు స్కూలు కాన్వాసు బూట్లు వేసుకుని తొక్కేది.

తెనాలి పందెం కట్ట వెంబడి వేమూరు అవతల ఒక వంతెన దాకా వెళ్ళి, అదే దారిన వెనక్కి రావడం. నెమ్మదిగా తొక్కేవాళ్ళు ముందు బయల్దేరాలి, వేగంగా తొక్కేవాళ్ళు తర్వాత. ఎవరికి ఎన్ని నిమిషాలు ముందు ఇవ్వాలో గత మూడు పందేల లెక్క చూసి నేను నిర్ణయించేవాణ్ణి. సరిగ్గా ఆరింటికి చేతిరుమాలు కిందికి దించి సుగుణను పంపేవాణ్ణి. ఏడు నిమిషాల తర్వాత మిగతావాళ్ళను ఒక్కొక్కర్నే. అందరికన్నా చివర నేను.

వంతెన దగ్గర మంగమ్మ అనే ఆమెకు టీకొట్టు ఉండేది. ఎవరు అక్కడిదాకా వచ్చారో, ఎవరు మధ్యలోనే తిరిగారో చెప్పే సాక్షి ఆమే. చదువు రాదు. పందెం రోజు పొద్దున్నే కొట్టు తలుపు చెక్కను తడిగుడ్డతో తుడిచి, తాంబూలం సున్నంలో వేలు ముంచి గుర్తులు పెట్టేది. మగవాళ్ళు వస్తే నిలువు గీత. ఆడవాళ్ళు వస్తే బొట్టు. ఎవరూ చెప్పకుండా ఆమే పెట్టుకున్న పద్ధతి అది. గడియారం చూడటం రాదు గానీ, పొద్దుట రేపల్లె వెళ్ళే పాసింజరు రైలు కొట్టుకు ఎదురుగా పొలాల అవతల సరిగ్గా 6.50కి పోయేది. రైలుకు ముందా, రైలు తర్వాతా అన్నది ఆమె లెక్క.

మొదటి ఏడాది సుగుణ యాభై నిమిషాల్లో వంతెన చేరింది. రైలుతో పాటు. ఆ రోజంతా అదే చెప్పుకుంది. రైలు నడిపేవాడు తనకు చెయ్యి ఊపాడని కూడా చెప్పింది. సాంబశివరావు నవ్వి, “మా డిపార్టుమెంటు వాళ్ళకు అంత తీరికుండదు సుగుణమ్మ గారూ” అన్నాడు.

తర్వాత 1993 నుంచి సుగుణవి రాసుకున్న అంకెలు ఇవి. యాభై రెండు. యాభై మూడు. యాభై ఆరు. యాభై తొమ్మిది. అరవై రెండు. ఆ వరస పక్కన నా దస్తూరీలో ఒక మాట ఉంది: సాధన తక్కువ.

ఒక శనివారం సాయంత్రం నేను మర్నాటి జాబితా రాస్తుంటే, బియ్యం ఏరుతూ అడిగింది.

“ఏవండీ, రేపు నన్నింకో రెండు నిమిషాలు ముందు పంపకూడదూ?”

“ఎందుకు?”

“ఊరికే. ఈమధ్య అందుకోలేకపోతున్నాను.”

“మూడు పందేల లెక్క తీస్తే మారుతుంది. అప్పటిదాకా రూలు రూలే.”

“అబ్బో, ఎంత గట్టి రూలో” అని మళ్ళీ బియ్యం ఏరుకుంది. ఆవిడ మళ్ళీ అడగలేదు. నేను లెక్క తీయలేదు.

మరుసటి వేసవిలో స్కూలు మెట్ల మీద కూలబడితే గుంటూరు తీసుకెళ్ళాం. గుండెలో కవాటం సన్నబడిందని, చిన్నప్పటి కీళ్ళజ్వరం వల్ల ఏళ్ళ తరబడి నెమ్మదిగా అలా అయిందని డాక్టరు చెప్పాడు. ఆయాసం ఎప్పట్నుంచి అని అడిగాడు. ఈమధ్యే అంది సుగుణ. ఈమధ్యే అన్నాను నేను కూడా.

ఇంటికొచ్చి డైరీ తీశాను. ఏడాదికి పైగా ఉంది ఆయాసం, ఆదివారాల వారీగా, నిమిషాలతో సహా. రాసింది నేనే. చదవనిది కూడా నేనే.

ఆపరేషన్‌కు మద్రాసు వెళ్ళాలని అనుకుంటుండగానే, శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం పోయింది. ఆ రోజు పేజీలో వాన గురించి రాసి ఉంది. ఇంకేమీ లేదు.

కార్తీకంలో ప్రసాద్, సాంబశివరావు వచ్చి, ఇంట్లో కూర్చుంటే ఎలా, ఒక్కసారి తొక్కుదాం రండి అన్నారు. లలిత వచ్చింది గానీ తొక్కనంది. ఇంట్లోనే ఉండి ఉప్మా చేస్తానంది. మొత్తం ఐదుగురం మగవాళ్ళం.

ముందు రోజు సాయంత్రం జాబితా రాశాను. అలవాటు కొద్దీ మొదటి వరసలో సుగుణ, 6.00 అని రాసేశాను. కొట్టేయబోయి కొట్టేయలేకపోయాను. ఆవిడ అడిగిన ఆ రెండు నిమిషాలు గుర్తొచ్చాయి. రెండో వరసలో ప్రసాద్‌కు ఏడు బదులు తొమ్మిది నిమిషాలు వేసి 6.09 అని రాశాను. ఎవరి కోసం వేశానో నన్ను అడగవద్దు.

పొద్దున్నే ప్రసాద్ ఆ కాగితం చూశాడు. “ఉండనివ్వండి అన్నయ్య గారూ” అన్నాడు. ఆరింటికి నా చెయ్యి దానంతటదే రుమాలు దించింది. కట్ట మీద ఎవరూ కదల్లేదు. ఎవరూ నవ్వలేదు. తొమ్మిది నిమిషాలు నిలబడి, తర్వాత ఒక్కొక్కర్నే పంపి, చివర నేను బయల్దేరాను.

నేను వంతెన చేరేసరికి మిగతావాళ్ళు టీ తాగుతున్నారు. గెలవాలని ఎవరికీ లేదు ఆ రోజు. మంగమ్మ నాకు గ్లాసు అందిస్తూ నవ్వింది. ఆమె ఆషాఢం నుంచీ అక్కడ లేదు. కర్లపాలెంలో కూతురి పురుడని వెళ్ళి, రెండు రోజుల కిందటే వచ్చి కొట్టు తెరిచింది. ఆ సంగతి తర్వాత తెలిసింది.

“టీచరమ్మ ఇవాళ ఆగనే లేదండి. ఆయాసం తగ్గిందాండి?” అంది.

నాకు అర్థం కాలేదు. ఆమే చెప్పుకుపోయింది.

“అంతకుముందు వచ్చినప్పుడల్లా ఆ బల్ల మీద కూలబడేదిగా. గుండెల మీద చెయ్యేసుకుని, మంచినీళ్ళు తాగి, మా ఆయనకు చెప్పకే మంగమ్మా, లెక్కలు మార్చుకోవాల్సొస్తే బాధపడతారు అనేది. ఇవాళేమో రైలుతో పాటే వచ్చింది, బెల్లు కొట్టి గిర్రున తిరిగి వచ్చిన దారినే పోయింది. పోన్లే తల్లీ అనుకున్నా.”

తలుపు చెక్క వైపు చూశాను. తడిగుడ్డతో తుడిచిన చారలు ఇంకా ఉన్నాయి. పై వరసలో ఐదు నిలువు గీతలు. వాటికి ముందు, ఎడమవైపు మొదట్లో, ఒక సున్నపు బొట్టు. గీతల్లాగే అదీ పచ్చిగా ఉంది.

సాంబశివరావు ఆమెను పక్కకు తీసుకెళ్ళి సంగతి చెప్పాడు. మంగమ్మ అక్కడే నేల మీద చతికిలబడింది. “మరి నేను బొట్టు పెట్టానే బాబూ” అని ఆ మాటే నాలుగైదు సార్లు అంది. మొహం చూశావా అని అడిగాను. లేదంది. పాలు పొంగుతున్నాయట. బెల్లు వినపడి తలెత్తేసరికి వీపు కనపడిందట. గళ్ళచొక్కా, జడ, తెల్ల బూట్లు.

ఇక నేను చేసిన విచారణ రాస్తాను.

వంతెన దగ్గర తిరిగి అదే దారిన వెళ్ళే మనిషి వెనక వచ్చేవాళ్ళకు ఎదురు రావాలి. కట్ట మీద వేరే దారి లేదు. ప్రసాద్ వంతెన చేరింది రైలు పోయిన మూడు నిమిషాలకు. ఆయనకు ఎవరూ ఎదురు రాలేదు. మాలో ఎవరికీ రాలేదు. కాబట్టి మంగమ్మ పొరబడి ఉండాలి.

కానీ ప్రసాద్ వచ్చేసరికే చెక్క మీద బొట్టు ఉంది. పాతదనుకుని ఊరుకున్నానని ఇంటికొచ్చాక చెప్పాడు.

చీర మీద చొక్కాతో కూలికి వెళ్ళే ఆడవాళ్ళు ఆ చుట్టుపక్కల చాలామంది. సైకిలు తొక్కే ఆడమనిషి ఒక్కరే, ఆసుపత్రి నర్సమ్మ. ఆమె ఇంటికెళ్ళి అడిగాను. ఆదివారం తాను కదల్లేదని చెప్పింది. నన్ను కాస్త జాలిగా చూసింది.

రైలు ఆ రోజు ఆలస్యమేమో అని సాంబశివరావు స్టేషన్లో కనుక్కున్నాడు. వేళకే వెళ్ళింది.

ఆ ఆదివారం ఇంటికి రాగానే చూస్తే వరండాలో సుగుణ సైకిలు గొలుసు తాళంతో అలాగే ఉంది. రెండు టైర్లలోనూ గాలి లేదు, ఎక్కడా బురద లేదు, సీటు మీద దుమ్ము చెదరలేదు. గళ్ళచొక్కా బీరువాలో మడత మీదే ఉంది. చూశాను. చూసినందుకు సిగ్గుపడ్డాను. అంతసేపూ లలిత వంటింటి గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. “ఉప్మా చల్లారిపోతోంది బావగారూ, రండి” అని మాత్రం అంది. ఆ రోజు ఐదుగురమూ ఉప్మా ముందు కూర్చున్నాం. ఎవరూ సరిగా తినలేదు. ఆ తర్వాత ఆ కట్ట మీద మేం పందెం పెట్టుకోలేదు.

మంగమ్మ అలవాటు కొద్దీ బొట్టు పెట్టి ఉంటుందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. మంచి కారణమే. అందులో ఒకటే పొసగదు. చివరి ఏడాదంతా సుగుణ వచ్చింది రైలు పోయాక చాలాసేపటికి. వచ్చి కూర్చునేది. అలవాటు బొట్టు పెట్టించి ఉంటే రైలు పోయాక పెట్టించాలి. బల్ల మీద కూర్చోబెట్టాలి. ఆరింటికి బయల్దేరి ఆరూ యాభైకి వంతెన చేరడం సుగుణ ఒక్కసారే చేసింది, జబ్బు బయటపడని రోజుల్లో. ఆ సంగతి మంగమ్మకు గుర్తుండే అవకాశం లేదు. అది ఉన్నది నా డైరీలోనే.

ఆ రోజు పేజీలో ఐదుగురి నిమిషాలు సిరాతో రాసి ఉన్నాయి. ఆరో వరసలో 6.50 అని నేనే పెన్సిలుతో రాసింది ఉంది. రబ్బరుతో చెరిపేద్దామని చాలాసార్లు అనుకున్నాను. సిరాతో దిద్దుదామని కూడా ఒకటి రెండుసార్లు అనుకున్నాను. రెండూ చేయలేదు. ఏది చేసినా నాకు తెలిసినట్టు అవుతుంది. నాకు తెలియదు.

మంగమ్మ ఇప్పుడు లేదు. టీ గ్లాసు నా చేతికిస్తూ ఆమె ఒక మాట అడిగింది కదా, ఆయాసం తగ్గిందాండి అని. దానికి నేను ఆ రోజు జవాబు చెప్పలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా, ఆ పెన్సిలు అంకె కనపడ్డప్పుడల్లా, తగ్గిందమ్మా అనాలని నోటిదాకా వస్తుంది.