తమ్ముడి ముప్ఫై కార్డులు

తమ్ముడు ఫోన్‌లో ఆడే కార్డుల ఆటలో వాడు నాలుగేళ్ల కిందట పేర్చుకున్న డెక్, అంటే కార్డుల కట్ట, ఒకటి ఉంది. ముప్ఫై కార్డులు, అన్నీ చిన్నవే. దానితో ఆడేవాడు మొదటి వంతు నుంచే ఎదుటివాడి మీద పడాలి. ఆరో వంతుకల్లా వాడి ప్రాణం సున్నా చేయాలి. లేకపోతే చేతిలో కార్డులు అయిపోతాయి, ఓటమే. తమ్ముడు పోయిన ఎనిమిది నెలలకు, ఆ పాత కార్డులను ర్యాంకు పోటీల నుంచి తీసేస్తున్నట్టు ఆటలో నోటీసు వచ్చింది. గడువు ఆ రోజు సాయంత్రం నాలుగు గంటలు. గోల్డ్ ర్యాంకుకు తమ్ముడికి ఒక్క గెలుపు తక్కువ.

మూడున్నరకు మరదలు ఆ ఫోన్ పట్టుకుని తోటకు వచ్చింది. సిగ్నల్ గేటు దగ్గరే అందుతుంది. అక్కడే మామిడికాయల ట్రేలు బోర్లించుకుని కూర్చున్నాం.

“ఒక్కటి గెలిచిపెట్టండి బావగారూ.”

“వాడి డెక్‌తో నేనెప్పుడూ ఆడలేదమ్మా.”

“మరి ఇంకెవరున్నారండీ?”

నాది నిదానమైన ఆట. మొదటి పోటీలో ఎదుటివాడికి ఏడు ప్రాణం మిగిలింది. నాకు ఇద్దరు సైనికులున్నారు, ఒక్కొక్కరి దెబ్బ రెండు. చేతిలో మూడు దెబ్బల నిప్పు కార్డు ఉంది, కానీ వచ్చే వంతుకు గాని వాడలేను. ఎదుట వాడి ఏనుగు కార్డు నిలబడింది, కానీ అది దారి ఆపేది కాదు. సైనికులను నేరుగా వాడి మీదికి పంపితే మిగిలేది మూడు, దాన్ని నిప్పు చూసుకుంటుంది. నేను ఏనుగును కొట్టాను. ఏనుగు చచ్చింది, సైనికులూ చచ్చారు. వాడు ఇంకో ఏనుగును దించాడు. మూడు వంతుల్లో ఓడిపోయాను.

“ఏనుగుతో మనకేం పని బావగారూ? ఆయనైతే అటు చూసేవారే కాదు.”

రెండేళ్ల కిందటి వేసవి గుర్తొచ్చింది. గాలివాన హెచ్చరిక రాగానే కాయంతా కోసేద్దామన్నాడు తమ్ముడు. టెంక ముదరలేదు, రెండు రోజులు ఆగుదామన్నాను నేను. మర్నాటికి చిన్నరసాలన్నీ నేలమీద ఉన్నాయి. వాడు కోత కర్ర గోడకు ఆనించి, రాలినవి ఏరడానికి వెళ్లాడు.

నాలుగుకు పదకొండు నిమిషాలు. మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి వచ్చిన కార్డు వచ్చినట్టే దించాను, అన్నీ వాడి మీదికే పంపాను. వాడికి మూడు మిగిలింది, నాకు ఒకటి. నా చేతిలో నిప్పు. వంతు వాడిది.

“ఏం చేస్తున్నాడండీ వాడు? నిద్రపోయాడా?”

“ఆలోచిస్తున్నాడు.”

“ఆలోచించనివ్వకండి.”

“అది మన చేతిలో లేదమ్మా.”

వాడు కాపలాదారును నిలబెట్టాడు. కాపలాదారు సైనికులను ఆపగలడు, నిప్పును ఆపలేడు. వంతు నాకు వచ్చింది. నా వేలు కార్డు మీదే ఆగిపోయింది. సెకన్లు తగ్గుతున్నాయి.

“కానివ్వండి బావగారూ.”

“తప్పేమైనా ఉందేమోనని చూస్తున్నా.”

“తప్పేం లేదు. మీకు అవగొట్టాలని లేదు.”

ఫోన్ ఆమె ముందు పెట్టి, కార్డును ఎక్కడికి లాగాలో చూపించాను. ఆమె వేలు మధ్యలోనే లేచి కార్డు వెనక్కి పడింది. పది సెకన్లు. రెండోసారి లాగింది.

తమ్ముడి పేరు కింద గోల్డ్ గుర్తు వచ్చింది. ఆమె కొంగుతో ఫోన్ అద్దం తుడిచింది. నాలుగుకు రెండు నిమిషాలుంది.

“ఇంకోటి ఆడతారా?”

“సగంలోనే ఆగిపోతుందమ్మా.”

“అయినా మొదలెట్టండి.”

మొదలుపెట్టాను.